6 మెగావాట్ల బయోమాస్ ప్లాంటు: సబ్సిడీ ఎంత, పర్యావరణ అనుమతి ఏది, కట్టె ఎక్కడిది

ప్రశ్న క్లుప్తంగా ఇది. ప్రకాశం జిల్లాలో ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీ సభ్యులకు అందరికీ కలిపి 1,500 ఎకరాల మెట్ట ఉంది. అందులో సుబాబుల్, సరుగుడు, కొంత నేపియర్ గడ్డి వేసి, 6 మెగావాట్ల విద్యుత్ ప్లాంటు కట్టి, కరెంటును గ్రిడ్‌కు అమ్మాలని ఆలోచన. కేంద్రం ఎంత సబ్సిడీ ఇస్తుంది? పర్యావరణ అనుమతికి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలా?

సూటిగా జవాబు: గ్రిడ్‌కు కరెంటు అమ్మడానికే కట్టే ప్లాంటుకు 2025-26 వరకు గడువున్న కేంద్ర పథకంలో పెట్టుబడి సబ్సిడీ లేదు. 6 మెగావాట్లకు ముందస్తు పర్యావరణ అనుమతి అవసరం లేదు, కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణా లేదు. ఈ రెండో మాట విని సంతోషించకండి. ప్రభుత్వం అడగకుండా వదిలేసిన ప్రశ్నలే ఈ రకం ప్లాంట్లను ముంచుతాయి. అవన్నీ పొలానికి సంబంధించినవి, పొగగొట్టానికి సంబంధించినవి కావు.

ముందు కట్టె లెక్క చూద్దాం, మిగతావన్నీ దాని మీదే నిలబడతాయి. కేంద్ర విద్యుత్ నియంత్రణ సంఘం బయోమాస్ ప్లాంట్లకు పెట్టుకున్న ప్రమాణాల ప్రకారం ఫ్లూయిడైజ్డ్ బెడ్ (గాలితో కదిలే వేడి ఇసుక పొరలో ఇంధనం కాల్చే) బాయిలర్‌తో ఒక యూనిట్ తయారీకి 4,125 కిలోకేలరీల వేడి కావాలి. ఇంధనంలో కిలోకు 3,100 కిలోకేలరీలు ఉంటాయని లెక్క. అంటే యూనిట్‌కు 1.33 కిలోల కట్టె. రెండో ఏడాది నుంచి ప్లాంటు 80 శాతం లోడుతో నడుస్తుందనుకుంటే 6 మెగావాట్లకు ఏడాదికి 4.2 కోట్ల యూనిట్లు, దానికి 56,000 టన్నుల కట్టె. పూర్తి లోడులో రోజుకు 190 టన్నులు పైనే. ట్రాక్టర్ ట్రాలీకి ఐదు టన్నులు వేసుకున్నా రోజూ 38 ట్రాలీలు గేటు దాటాలి, వానొచ్చినా పండగొచ్చినా.

ఇప్పుడు మీ పొలం. నాలుగేళ్ల సరుగుడో సుబాబులో మెట్టలో ఎకరాకు 25 టన్నుల పచ్చి కట్టె ఇస్తుందనుకుందాం. మీ నేలను బట్టి ఈ అంకె మార్చుకోండి. ఏడాదికి సగటున ఆరుంబావు టన్నులు. పచ్చి కట్టెలో సగం నీరే. పైన చెప్పిన 3,100 కిలోకేలరీలు రావాలంటే తేమ 30 శాతం దగ్గరికి దిగాలి, అప్పటికి ఆరుంబావు టన్నులు నాలుగున్నర అవుతాయి. 1,500 ఎకరాలకు ఏడాదికి 6,700 టన్నులు. ప్లాంటు పూర్తి లోడులో 35 రోజులు నడవడానికి సరిపోతుంది. మిగతా ఏడాదికి బయట కొనాలి. సొంత కట్టె మీదే నడవాలంటే 12,500 ఎకరాలు కావాలి. ఇది నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. "రైతులు పెంచిన కట్టెతో నడిచే ప్లాంటు" అని డీపీఆర్ (ప్రాజెక్టు సమగ్ర నివేదిక)లో రాసి, లోపల ఇంధనంలో పన్నెండు శాతమే మీదైతే బ్యాంకు ఇంజినీరు మొదటి గంటలోనే పట్టుకుంటాడు.

మిగతా 88 శాతానికి మీ పోటీదారులు ఎవరో చూడండి. సుబాబుల్, జామాయిల్, సరుగుడు కొనే పేపరు మిల్లులున్నాయి. తొక్క తీసిన దుంగకు వాళ్లిచ్చే ధర ప్లాంటు ఇవ్వలేదు. మీకు మిగిలేది కొమ్మలు, చివర్లు, మొద్దులు. జనవరి నుంచి పొగాకు బ్యారన్లు వెలుగుతాయి, ఆ నెలల్లో సర్కారు తుమ్మ ధర ఎగురుతుంది. ఇటుక బట్టీలదీ అదే సీజన్. ఊకకు రైసు మిల్లులే సొంత బాయిలర్లు పెట్టుకున్నాయి. కాబట్టి ఇంధన సర్వే ఒక్క నెలలో చేసి ఏడాది సగటుగా రాయకూడదు. జూన్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి 50 కిలోమీటర్ల లోపు కాటాల దగ్గర ధరలు రాసుకోండి. ఒక కాటా దగ్గర వారం కూర్చుంటే ఏ బండి ఎక్కడికి పోతుందో తెలిసిపోతుంది.

ఇక సబ్సిడీ వివరం. 2022 నవంబరు 2న కొత్త, పునరుత్పాదక ఇంధన శాఖ జాతీయ బయో ఎనర్జీ కార్యక్రమాన్ని ప్రకటించింది. 2021-22 నుంచి 2025-26 వరకు దాని గడువు, మొదటి దశకు 858 కోట్లు. అందులో బయోమాస్ భాగం కింద సాయం రెండింటికి: బ్రికెట్, పెల్లెట్ (పొడిని నొక్కి చేసే ఇంధన దిమ్మెలు, గుళికలు) తయారీకి, పరిశ్రమల్లో బగాస్ (చెరకు పిప్పి) కాకుండా వేరే బయోమాస్‌తో నడిచే కోజనరేషన్‌కు. కోజనరేషన్‌కు మెగావాట్‌కు 40 లక్షలు, ప్రాజెక్టుకు 5 కోట్లు మించకుండా. కోజనరేషన్ అంటే ఆవిరిని పరిశ్రమ వాడుకోవాలి, కరెంటూ రావాలి. ఆవిరి వాడే పరిశ్రమ పక్కన లేకుండా ఒట్టి కరెంటు ప్లాంటుకు ఇది వర్తించదు. ఈ డబ్బు ముందు చేతికి రాదు కూడా. ప్లాంటు నడిచి, పనితీరు తనిఖీ అయ్యాకే వస్తుంది. కాబట్టి నిర్మాణ ఖర్చుల పట్టికలో దీన్ని రాబడిగా వేసుకోకూడదు. గడువు దాటాక ఏ మార్గదర్శకాలు అమల్లో ఉన్నాయో దరఖాస్తు రోజున ఆ శాఖ బయోఊర్జా పోర్టల్‌లో చూసుకోండి. పాత ఫార్ములా ఒకటి ఇప్పటికీ కన్సల్టెంట్ల నివేదికల్లో కనిపిస్తుంది: 20 లక్షలను మెగావాట్ల 0.646 ఘాతంతో గుణించేది. అది పోయిన పథకం. దాన్ని చూపించి ఫీజు అడిగినవాళ్లకు నమస్కారం పెట్టి పంపండి.

సబ్సిడీ వస్తే మాత్రం ఎంత? పోనీ ఏదో పరిశ్రమతో కలిసి కోజనరేషన్‌గా మార్చారనుకుందాం, 6 మెగావాట్లకు 2.4 కోట్లు. కట్టె టన్ను 3,000 రూపాయలు అనుకుంటే మీ ఏడాది ఇంధన ఖర్చు 16.8 కోట్లు. అంటే ఆ సబ్సిడీ 52 రోజుల కట్టెకు సరి. టన్ను ధర 500 పెరిగితే ఒక్క ఏడాదిలో 2.8 కోట్లు పోతుంది. సబ్సిడీ కోసం ఏడాది తిరగడం కన్నా ధర కట్టుదిట్టం చేసుకోవడానికి ఆ ఏడాది వాడితే మేలు.

అసలు ప్రభుత్వ సాయం ఎప్పుడూ టారిఫ్‌లోనే, అంటే యూనిట్‌కు ఇచ్చే కొనుగోలు ధరలోనే ఉంటుంది. ఈ రాష్ట్రంలో దాని చరిత్ర మీ డైరెక్టర్లందరికీ తెలియాలి. 1990లలో కేంద్రం సూచించిన పద్ధతి ప్రకారం 1994-95ను ఆధార సంవత్సరంగా తీసుకుని యూనిట్ 2.25 రూపాయలు, ఏటా 5 శాతం పెంపు. ఆ నమ్మకంతో ఆంధ్రప్రదేశ్‌లో వరసగా బయోమాస్ ప్లాంట్లు లేచాయి. 2004 మార్చిలో రాష్ట్ర నియంత్రణ మండలి ఆ ధరను తగ్గించి, స్థిర (పెట్టుబడి), చర (ఇంధన) ఛార్జీలుగా విడగొట్టింది. వివాదం విద్యుత్ అప్పీళ్ల ట్రిబ్యునల్ మీదుగా 2010లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఈలోగా కట్టె ధర టారిఫ్‌లోని ఇంధన భాగాన్ని దాటిపోయి చాలా ప్లాంట్లు మూతపడ్డాయి. యంత్రాలు చెడి మూతపడినవి కావు, యూనిట్‌కు వచ్చేది కట్టెకే చాలక మూతపడ్డాయి.

మీ లెక్క కూడా వేసి చూడండి. మెగావాట్‌కు 6 కోట్లు వేసుకుంటే 36 కోట్లు. 70:30 పద్ధతిలో అప్పు 25.2 కోట్లు, మీ వాటా 10.8 కోట్లు. రిజర్వు బ్యాంకు ప్రాధాన్య రంగ నిబంధనల్లో పునరుత్పాదక విద్యుత్‌కు 35 కోట్ల వరకు రుణం ఆ కోటాలోకి వస్తుంది కాబట్టి బ్యాంకు మాట్లాడటానికి ముందుకొస్తుంది. వడ్డీలో తగ్గింపు వస్తుందని దాని అర్థం కాదు. ప్లాంటు సొంత వాడకం 10 శాతం పోను అమ్మేది 3.78 కోట్ల యూనిట్లు. యూనిట్‌కు కట్టె ఖర్చు 4.43 రూపాయలు, పదిన్నర శాతం వడ్డీ 70 పైసలు, పదేళ్లలో తీర్చే అసలు 67 పైసలు, నిర్వహణ మెగావాట్‌కు 50 లక్షలు అనుకుంటే 80 పైసలు. లాభం ఒక్క పైసా లేకుండా ఆరున్నర దాటింది. ఈ ధరకు డిస్కమ్ పీపీఏ (కరెంటు కొనుగోలు ఒప్పందం) ఇస్తుందా, 2022 గ్రీన్ ఎనర్జీ ఓపెన్ యాక్సెస్ నిబంధనల కింద నేరుగా పరిశ్రమకు అమ్మితే వీలింగ్ (లైన్ల వాడకానికి), క్రాస్ సబ్సిడీ (డిస్కమ్ కోల్పోయే ఆదాయానికి) ఛార్జీలు పోను ఎంత మిగులుతుంది అన్నది సంతకాల రూపంలో చేతికి వచ్చేదాకా భూమి కొనవద్దు.

వర్కింగ్ క్యాపిటల్ కూడా మరిచిపోతారు. కట్టె ఎప్పుడంటే అప్పుడు దొరకదు కాబట్టే నియంత్రణ సంఘం నాలుగు నెలల ఇంధన నిల్వను లెక్కలోకి తీసుకుంటుంది. మీకు 18,700 టన్నులు, 5.6 కోట్లు. మూడు మీటర్ల ఎత్తున పేర్చినా దుంగలకే నాలుగున్నర ఎకరాలు, మధ్యలో ఫైరింజన్ తిరిగే దారులు కలిపితే ఎనిమిది ఎకరాలకు తగ్గదు. నిల్వ దుంగలుగానే ఉంచాలి. చిప్స్ చేసి కుప్ప పోస్తే లోపల పులిసి వేడెక్కి, వారాల తర్వాత అంటుకుంటుంది. చిప్పర్ నుంచి వచ్చింది మూడు రోజుల్లో బాయిలర్‌లోకి పోవాలి.

ఇప్పుడు పర్యావరణం. 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ మదింపు) నోటిఫికేషన్‌లో థర్మల్ ప్లాంట్లు ఉన్నాయి, బయోమాస్ ప్లాంట్లూ అందులోకే వస్తాయి. 2009 డిసెంబరు సవరణ 15 మెగావాట్ల వరకు మినహాయింపు ఇచ్చింది. బొగ్గు, లిగ్నైట్ లాంటి సహాయ ఇంధనం 15 శాతం దాటకూడదన్నది షరతు. 2022లో ఆ మెగావాట్ల పరిమితిని ఇంకా పెంచారు. మీ 6 మెగావాట్లు 2009 నాటి పరిమితికే లోపల. కానీ ఆ 15 శాతం షరతు ఉత్త మాట కాదు. వానాకాలంలో కట్టె తడిసి మంట నిలవక బొగ్గు కలపడం మొదలవుతుంది, నెల తిరిగేసరికి అది పాతిక శాతం అవుతుంది. అప్పుడు మినహాయింపూ పోతుంది, పునరుత్పాదక టారిఫ్‌కు అర్హతా పోతుంది. కాటా రిజిస్టర్‌లో ఇంధనం వారీగా రోజువారీ లెక్క ఉంటేనే మీరు నిరూపించుకోగలరు.

మినహాయింపు ఉన్నా కాలుష్య నియంత్రణ మండలి నుంచి రెండు అనుమతులు తప్పవు. నిర్మాణానికి ముందు సీఎఫ్‌ఈ (స్థాపనకు సమ్మతి), నడిపేముందు సీఎఫ్‌ఓ (నిర్వహణకు సమ్మతి). పునాది తవ్వాక సీఎఫ్‌ఈకి దరఖాస్తు చేయడం సర్వసాధారణంగా జరిగే తప్పు, దానికి జరిమానా పడుతుంది. దరఖాస్తుకు డీపీఆర్, భూమి కాగితాలు, లేఅవుట్, నీటి వనరు, రోజువారీ ఇంధన పరిమాణం, దుమ్ము పట్టే పరికరం వివరాలు, పెట్టుబడి మీద సీఏ సర్టిఫికెట్ కావాలి. ఫీజు ఆ పెట్టుబడిని బట్టే. ఇంధనాల జాబితాలో మీరు ఎప్పటికైనా కాల్చబోయే ప్రతి రకాన్నీ రాయండి: సుబాబుల్, సరుగుడు, సర్కారు తుమ్మ, ఊక, వేరుశనగ పొట్టు, మిరప కట్టె, కంది కట్టె, పొగాకు కట్టె. ఆర్డర్‌లో లేనిది కాల్చితే అది ఉల్లంఘన. బాయిలర్ల శాఖ, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్, ఫ్యాక్టరీల శాఖ, అగ్నిమాపక శాఖ అనుమతులు మామూలే, సమాంతరంగా నడిపించుకోవచ్చు.

దుమ్ముకు ఈఎస్‌పీ (విద్యుత్ ఆవేశంతో దుమ్ము పట్టే పరికరం) పెట్టండి. బ్యాగ్ ఫిల్టర్ చౌక అంటారు గానీ కట్టె మంట నుంచి ఎగిరే నిప్పురవ్వ సంచిని కాల్చేస్తుంది. పెట్టాల్సే వస్తే ముందు సైక్లోన్ (పొగను సుడి తిప్పి రవ్వలను వేరుచేసేది) తప్పనిసరి. బూడిద ఇంధనాన్ని బట్టి తలకిందులవుతుంది. కట్టెలో రెండు శాతం అనుకుంటే ఏడాదికి 1,100 టన్నులు. మొత్తం ఊకకు మారితే 18 శాతం చొప్పున 10,000 టన్నులు దాటుతుంది, అదీ గాలికి లేచే సిలికా దుమ్ము. తడిపి, మూసిన లారీల్లో పంపాలి. కట్టె బూడిద క్షారం. మీ వైపు చౌడు నేలల్లో "ఎరువు" అని చల్లితే నష్టమే, మట్టి పీహెచ్ చూడకుండా రైతులకు పంచవద్దు.

నీరు దీనికన్నా పెద్ద సమస్య. కూలింగ్ టవర్‌తో 6 మెగావాట్లకు రోజుకు 500 నుంచి 600 కిలోలీటర్లు కావాలి. కనిగిరి వైపు ఫ్లోరైడ్, లవణాలు ఉన్న బోరు నీటితో టవర్ నడిపితే బ్లోడౌన్ (లవణాలు పేరుకున్న నీళ్లను బయటికి వదలడం) పెరుగుతుంది, ఆర్‌ఓ పెడితే వదిలే ఉప్పునీళ్లు ఎక్కడ పెట్టాలో తెలియదు. ఊరి బోర్లు ఎండితే గొడవ వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టంతో మొదలై గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోతుంది. ఎయిర్ కూల్డ్ కండెన్సర్ పెడితే సొంత వాడకం రెండు శాతం ఎక్కువవుతుంది, ఖర్చూ పెరుగుతుంది. అయినా పడమటి ప్రకాశంలో అదొక్కటే సరైన దారి.

మరి పొలంలో ఏం జరుగుతుందో ఎవరు చూస్తారు? మన పద్ధతిలో ఎవరూ చూడరు. మెగావాట్లు గీత దాటితేనే సమీక్ష. అమెరికాలో ఈ లెక్క వేరు. 1969 నాటి జాతీయ పర్యావరణ విధాన చట్టం కింద కేంద్రం డబ్బు పెట్టడమే సమీక్షకు కారణమవుతుంది. ఐయోవాలో చారిటన్ వ్యాలీ ప్రాజెక్టు దీనికి మంచి ఉదాహరణ. ఒటమ్వాలోని 726 మెగావాట్ల బొగ్గు ప్లాంటులో 35 మెగావాట్ల మేరకు స్విచ్‌గ్రాస్ గడ్డి కాల్చాలన్నది ప్రతిపాదన. ఏడాదికి 2 లక్షల టన్నుల గడ్డి, సుమారు 50,000 ఎకరాలు. కేంద్ర ఇంధన శాఖ నిధులున్నాయి కాబట్టి 2003లో పర్యావరణ మదింపు జరిగింది. 2006లో 15,600 టన్నుల పైగా గడ్డితో పెద్ద పరీక్ష చేశారు, సాంకేతికంగా గట్టెక్కింది, వాణిజ్యంగా మాత్రం నిలబడలేదు. మినెసోటాలో 1994 చట్టం విద్యుత్ కంపెనీ చేత బయోమాస్ కరెంటు కొనిపించింది. పొలంలో పెంచిన అల్ఫాల్ఫా (లూసర్న్ మేత) కాడలతో 75 మెగావాట్లు అనుకున్న ప్రాజెక్టు కట్టకముందే ఆగిపోయింది. ఆ చట్టం కింద బెన్సన్‌లో వచ్చిన 55 మెగావాట్ల ప్లాంటు కాల్చింది టర్కీ కోళ్ల ఎరువు, అదీ 2018లో మూతపడింది. డబ్బు, చట్టం, సమీక్ష మూడూ ఉన్నచోట కూడా పొలం నుంచి వచ్చే ఇంధనమే కొరకరాని కొయ్య అయింది.

కాబట్టి మీ పొలం సమీక్ష మీరే చేసుకోండి, డీపీఆర్ కన్నా ముందు. సర్వే నంబరు వారీగా ఇప్పుడు ఏ పంట, బోరు ఉందా, ఎంత లోతు నీరు అన్నది రాయండి. కంది, శనగ పండే నేలను కట్టెకు మార్చితే మేత, తిండి ఎక్కడినుంచి వస్తాయో ఆ ఊళ్లోనే అడగండి. సుబాబుల్ గింజ రాలి పక్క పొలాల్లో మొలుస్తుంది, గట్టు వెంట కాయ ముదరకముందే కొట్టాలి. సర్కారు తుమ్మ మీద నమ్మకం పెట్టుకుంటే అది మూడు నాలుగేళ్లలో దగ్గర్లో అయిపోతుంది, తర్వాత రవాణా దూరం పెరుగుతూ పోతుంది. కౌలు రైతు సంతకం లేకుండా యజమానితో నాలుగేళ్ల ఒప్పందం రాసుకోవద్దు.

నేపియర్‌ను ప్లాంటు ఇంధనంగా తీసేయండి. కోసినప్పుడు నాలుగింట మూడొంతులకు పైగా నీరే. ఎండబెట్టినా పొటాషియం, క్లోరిన్ ఎక్కువ. పొటాషియం బెడ్‌లోని ఇసుకతో కలిసి 800 డిగ్రీల దగ్గర కరిగి గాజు ముద్ద అవుతుంది, గాలి నాజిల్స్ మూసుకుపోతాయి, బాయిలర్ ఆపి గడ్డపారలతో కొట్టాల్సి వస్తుంది. క్లోరిన్ సూపర్‌హీటర్ గొట్టాలను తింటుంది. పత్తి కట్టె, వరి గడ్డి కూడా ఇదే కోవ, పదో వంతు మించి కలపకూడదు. నేపియర్‌కు తగిన చోటు గ్యాస్ ప్లాంటు. 2025 ఏప్రిల్‌లో అప్పటి ప్రకాశం జిల్లాలోనే పీసీ పల్లి మండలం దివాకరపల్లిలో శంకుస్థాపన జరిగిన కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంటు ఆ గడ్డి మీద ఆధారపడేదే.

కట్టె కొనేటప్పుడు తడి బరువుకు డబ్బివ్వకండి. 45 శాతం తేమ ఉన్న ఐదు టన్నుల ట్రాలీలో ఎండు పదార్థం 2.75 టన్నులు, 30 శాతం తేమైతే మూడున్నర. ఆ తేడా 3,000 రేటు మీద ట్రాలీకి 3,200 రూపాయలు. ట్రాలీ పైన, మధ్య, అడుగు నుంచి ముక్కలు తీసి, కిలో నమూనాను 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఉంచి తూచండి. గేటు దగ్గర తేమ మీటర్ రీడింగుతో సగం డబ్బు, ఓవెన్ ఫలితంతో మిగతా సగం. నియమం మొదటి రోజునుంచే ఉంటే రైతే కట్టెను నెల రోజులు గట్టు మీద ఆరబెట్టి తెస్తాడు.

6,700 టన్నుల సొంత కట్టెతో ఏం చేయవచ్చన్నది మీరు అడగలేదు గానీ, గంటకు ఒకటిన్నర, రెండు టన్నుల పెల్లెట్ యూనిట్ మీకు సరిపడే పరిమాణం. పైన చెప్పిన కేంద్ర పథకంలో దీనికి సాయం ఉంది. పెట్టుబడి ప్లాంటులో చిన్న భాగం, నీళ్ల గొడవ లేదు. బొగ్గు థర్మల్ కేంద్రాలు 2024-25 నుంచి 5 శాతం బయోమాస్ కలపాలన్న కేంద్ర విధానం వల్ల కొనేవాళ్లున్నారు. టెండర్‌లో ముడిసరుకు జాబితా చదవండి. కొన్ని టెండర్లు పంట వ్యర్థాల పెల్లెట్లే అడుగుతాయి, తోట కట్టెను ఒప్పుకోవు. అలాంటప్పుడు మిరప కట్టె, కంది కట్టె, వేరుశనగ పొట్టు ఎంత కలపాలో ముందు ల్యాబులో బూడిద శాతం, కేలరీల విలువ తేల్చుకుని, ఆ నివేదికతోనే మెషిన్ కంపెనీ దగ్గర డై (పెల్లెట్ అచ్చు) సైజు మాట్లాడండి.